సోర్లీ బాయ్ మెక్‌డొనెల్

సోర్లీ బాయ్ మెక్‌డొనెల్ (సుమారు 1505 - 1590) ఐర్లాండు ఈశాన్య తీరంలోని ఆంట్రిమ్ ప్రాంతాన్ని 16వ శతాబ్దంలో ఏలిన గేలిక్ నాయకుడు. స్కాట్లాండు పడమటి దీవులకు చెందిన డొనాల్డ్ వంశంలోని ఒక శాఖలో ఇతడు జన్మించాడు. అల్స్టర్‌లోని స్థానిక ప్రభువులతోను, ఇంగ్లండు రాణి మొదటి ఎలిజబెత్ సైన్యాలతోను దాదాపు నలభై ఏళ్ళు పోరాడి, చివరకు రాణి ప్రభుత్వం చేతనే తన హక్కును అంగీకరింపజేసుకున్నాడు. సముద్రపు అంచున, నిటారు శిల మీద నిలిచిన డన్‌లూస్ కోట ఇతని జీవితంతో విడదీయరాని సంబంధం కలది. ఇతడు ఆ కోటను రెండుసార్లు పోగొట్టుకుని, రెండుసార్లూ తిరిగి పొందాడు. ప్రస్తుతం శిథిలావస్థలో ఉన్న ఈ కోట ఉత్తర ఐర్లాండులోని ప్రముఖ చారిత్రక స్థలాలలో ఒకటి.

పేరు

గేలిక్ భాషలో ఇతని పేరు సోమర్లే బుయి. సోమర్లే అనేది ప్రాచీన నార్స్ భాష నుండి వచ్చిన పేరు. వేసవిలో సముద్రయానం చేసేవాడని దీనికి అర్థం. డొనాల్డ్ వంశానికి మూలపురుషుడైన 12వ శతాబ్దపు సోమర్లెడ్ పేరు కూడా ఇదే. బుయి అనగా పసుపుపచ్చని అని అర్థం. ఇతని జుట్టు రంగును బట్టి ఆ విశేషణం చేరింది. ఇంగ్లీషు అధికారులు తమకు వినిపించినట్లుగా వ్రాయడం వల్ల అది బాయ్ అయింది. కనుక పేరులోని బాయ్ అన్న మాటకు బాలుడు అనే అర్థం లేదు.

వంశ నేపథ్యం

గేలిక్ సమాజంలో ఒకే మూలపురుషుని పేరు చెప్పుకుంటూ, ఒకే నాయకునికి కట్టుబడి జీవించే బంధువర్గాన్ని, వారి ఆశ్రితులను కలిపి క్లాన్ అంటారు. అటువంటి వంశాలలో డొనాల్డ్ వంశం చాలా పెద్దది. దీని నాయకులు దీవుల ప్రభువులు అనే బిరుదుతో స్కాట్లాండు పడమటి తీరాన్ని, హెబ్రిడీస్ దీవులను దాదాపు స్వతంత్రంగా పాలించారు. 14వ శతాబ్దం చివరలో ఈ వంశానికి చెందిన జాన్ మోర్, ఆంట్రిమ్ తీరంలోని గ్లెన్స్ అనే లోయల ప్రాంతానికి వారసురాలైన మార్జరీ బిసెట్‌ను వివాహం చేసుకున్నాడు. ఈ వివాహం వల్ల స్కాట్లాండులోని ఐలా దీవిని, కింటైర్ ద్వీపకల్పాన్ని ఏలుతున్న శాఖకు ఐర్లాండులో కూడా భూమి మీద హక్కు ఏర్పడింది.

కింటైర్ కొనకు, ఆంట్రిమ్ తీరానికి మధ్య ఉన్న సముద్రం వెడల్పు సుమారు 20 కిలోమీటర్లు మాత్రమే. ఆకాశం నిర్మలంగా ఉన్న రోజున ఒక ఒడ్డు నుండి మరొకటి స్పష్టంగా కనిపిస్తుంది. ఆ కాలంలో కొండలు, ఊబి నేలలు దాటి భూమార్గాన ప్రయాణించడం కంటే తెడ్ల పడవలలో ఈ జలసంధిని దాటడమే సులభం. అందువల్ల రెండు తీరాల వారికీ ఇది సరిహద్దు కాదు, రహదారి. లండన్, ఎడింబరోల నుండి చూసినప్పుడు మాత్రం అది రెండు రాజ్యాల మధ్య సరిహద్దు. సోర్లీ బాయ్ జీవితంలోని సంఘర్షణ అంతటికీ మూలం ఈ తేడాలోనే ఉంది.

1493లో స్కాట్లాండు రాజు నాలుగవ జేమ్స్ దీవుల ప్రభుత్వాన్ని రద్దు చేశాడు. 1499లో సోర్లీ బాయ్ తాత జాన్ కహనాక్‌ను, ముత్తాతను ఎడింబరోలో ఉరి తీశారు. తండ్రి అలెగ్జాండర్ తప్పించుకుని ఆంట్రిమ్ లోయలలో తలదాచుకున్నాడు.

జననం, తొలి జీవితం

సోర్లీ బాయ్ సుమారు 1505లో, ప్రస్తుత బాలీకాజిల్ పట్టణ సమీపంలోని డనానైనీ కోటలో జన్మించినట్లు చెబుతారు. తల్లి కేథరిన్ స్కాట్లాండులోని ఆర్డ్‌నమర్కన్ ప్రభువు కుమార్తె. ఇతడు అలెగ్జాండర్ చిన్న కుమారులలో ఒకడు. పెద్దన్న జేమ్స్ వంశ నాయకత్వాన్ని, స్కాట్లాండులోని ఆస్తులను స్వీకరించాడు. చిన్న కుమారునికి వారసత్వంగా దక్కేది స్వల్పం. ఎవరి భూమిని వారే సంపాదించుకోవలసిన పరిస్థితి.

ఇతని తొలి నలభై ఏళ్ళ గురించి తెలిసినది బహు స్వల్పం. 1550 ప్రాంతంలో ఇంగ్లీషు వారికి పట్టుబడి డబ్లిన్ కోటలో బందీగా ఉన్నాడు. 1551లో ఇంగ్లీషు సేనలు ఆంట్రిమ్ తీరానికి ఎదురుగా ఉన్న రాత్లిన్ దీవి మీద దాడి చేశాయి. ఆ దాడి ఘోరంగా విఫలమై, అధికారులు కొందరు మెక్‌డొనెల్‌ల చేత చిక్కారు. వారిని విడిచిపెట్టినందుకు మారుగా సోర్లీ బాయ్ విడుదలయ్యాడు.

ఇతడు టైరోన్ మొదటి ఎర్ల్ అయిన కాన్ ఓనీల్ కుమార్తె మేరీని వివాహమాడాడు. ఓనీల్‌లు అల్స్టర్‌లో అత్యంత బలవంతులైన ప్రభువులు. ఈ సంబంధం వల్ల కాన్ కుమారుడు షేన్ ఓనీల్ ఇతనికి బావమరిది అయ్యాడు. ఆ బావమరిదే తరువాత ఇతనికి ప్రబల శత్రువయ్యాడు.

డన్‌లూస్ కోట

డన్‌లూస్ కోట ఆంట్రిమ్ ఉత్తర తీరంలో, పోర్ట్‌రష్, బుష్‌మిల్స్ పట్టణాల మధ్య ఉంది. నల్లని బసాల్ట్ శిల ఒకటి తీరం నుండి దాదాపు వేరుపడి సముద్రంలోకి చొచ్చుకుని నిలిచి ఉండగా, దాని మీద ఈ కోట నిర్మించారు. మూడు వైపులా నిటారు చరియలు. నాలుగవ వైపు ఒక లోతైన చీలిక సహజమైన కందకం వలె కోటను నేల నుండి వేరు చేస్తుంది. ఆ చీలిక మీది వంతెన తప్ప లోపలికి వేరే దారి లేదు. శిల అడుగున సముద్రం తొలిచిన పెద్ద గుహ ఉంది.

ఇక్కడ 13వ శతాబ్దంలో అల్స్టర్ ఎర్ల్ రిచర్డ్ డి బర్గ్ మొదట కోట కట్టించినట్లు చెబుతారు. వ్రాతపూర్వకమైన ఆధారాలలో ఈ కోట 1513లో మెక్‌క్విలన్ వంశం అధీనంలో కనిపిస్తుంది. ఇప్పుడు మిగిలిన కట్టడాలలో అతి పాతవైన రెండు గుండ్రని బురుజులు వారి కాలానివే. బాన్, బుష్ నదుల మధ్యనున్న రూట్ అనే సారవంతమైన ప్రాంతానికి మెక్‌క్విలన్‌లు ప్రభువులు. వారికి డన్‌లూస్ రాజధాని వంటిది.

రూట్ ప్రాంతంపై ఆధిపత్యం

మెక్‌డొనెల్‌లు రూట్ ప్రాంతంలో మొదట శత్రువులుగా కాక మిత్రులుగానే అడుగుపెట్టారు. సోర్లీ బాయ్ అన్న కోలా మెక్‌క్విలన్‌ల ఆడపడుచును వివాహం చేసుకున్నాడు. ఇతడు 1547లో సముద్ర తీరాన కిన్‌బేన్ కోటను కట్టించాడు. క్రమంగా అతిథులు యజమానులయ్యారు. 1558లో కోలా మరణించగా, రూట్ ప్రాంతపు బాధ్యతను జేమ్స్ తన తమ్ముడు సోర్లీ బాయ్‌కి అప్పగించాడు.

పోయిన భూమిని మెక్‌క్విలన్‌లు తిరిగి పొందాలని ప్రయత్నించారు. 1559లో ఆరా కొండ వద్ద జరిగిన యుద్ధంలో సోర్లీ బాయ్ వారిని ఓడించాడు. యుద్ధానికి ముందు రాత్రి అతని మనుషులు ఊబి మీద తుంగ కోసి పరిచారని, అది గట్టి నేల అని భ్రమించిన శత్రువుల గుర్రాలు అందులో దిగబడిపోయాయని స్థానికంగా కథ చెప్పుకుంటారు. ఈ విజయంతో డన్‌లూస్ సహా రూట్ ప్రాంతం మెక్‌డొనెల్‌ల వశంలో స్థిరపడింది. ఒకరి కోటను మరొకరు ఆక్రమించడం ఆనాటి అల్స్టర్‌లో సాధారణమే. అయినా చట్టం దృష్టిలో సోర్లీ బాయ్ ఇప్పుడు ఇంగ్లండు రాణి రాజ్యంలో అనుమతి లేకుండా ప్రవేశించిన విదేశీయుడు. ఈ ముద్ర మరో ఇరవై ఏడు సంవత్సరాల పాటు ఇతనిని వెంటాడింది.

గ్లెన్‌టైసీ యుద్ధం, చెర

అల్స్టర్ అంతటినీ తన ఏలుబడిలోకి తెచ్చుకోదలచిన షేన్ ఓనీల్, రాణి మెప్పు కూడా పొందవచ్చునన్న ఆలోచనతో 1565 వసంతంలో మెక్‌డొనెల్‌ల మీదికి దండెత్తాడు. ఆంట్రిమ్ కొండ కొమ్ముల మీద మంటలు వెలిగించి కింటైర్‌కు సంకేతం పంపడం మెక్‌డొనెల్‌ల ఆనవాయితీ. సంకేతం అందుకుని జేమ్స్ సముద్రం దాటి వచ్చాడు. కాని తగినంత బలగం చేరకముందే, 1565 మే 2న బాలీకాజిల్ సమీపంలోని గ్లెన్‌టైసీ వద్ద షేన్ సైన్యం వారిని చుట్టుముట్టింది. ఒక సోదరుడు ఆంగస్ యుద్ధంలో మరణించాడు. తీవ్రంగా గాయపడిన జేమ్స్ బందీగా ఉండగానే కన్నుమూశాడు. సోర్లీ బాయ్ షేన్ చేత చిక్కాడు.

డన్‌లూస్ కోట మాత్రం లొంగలేదు. నిటారు శిల మీది కోటను బలంతో పట్టుకోవడం కష్టమని గ్రహించిన షేన్, సోర్లీ బాయ్‌ని కోట ఎదుటికి తీసుకువచ్చి, కోట తనకు స్వాధీనమయ్యేంత వరకు అతనికి ఆహారం పెట్టవద్దని ఆజ్ఞాపించాడు. మూడు రోజుల తరువాత కోటలోని వారు తమ నాయకుని ప్రాణం కోసం తలుపులు తెరిచారు. సోర్లీ బాయ్ కోటను పోగొట్టుకోవడం ఇది మొదటిసారి. గోడలు ఎంత బలమైనవైనా, వాటిని కాపాడేవారికి ప్రియమైనది శత్రువు చేతిలో ఉంటే అవి నిరుపయోగమని ఈ సంఘటన తెలుపుతుంది.

షేన్ ఓనీల్ మరణం

సోర్లీ బాయ్ రెండు సంవత్సరాలు చెరలో ఉన్నాడు. 1567 మే నెలలో ఫార్సెట్‌మోర్ యుద్ధంలో షేన్‌ను ఓడొనెల్ వంశం చిత్తుగా ఓడించింది. సైన్యాన్ని కోల్పోయిన షేన్‌కు స్కాట్‌ల సాయం తప్ప వేరే మార్గం కనిపించలేదు. బందీగా ఉన్న సోర్లీ బాయ్‌ని వెంటబెట్టుకుని, కుషెన్‌డన్ వద్ద విడిది చేసిన మెక్‌డొనెల్‌ల వద్దకు వెళ్ళాడు. అక్కడ విందులు జరిగాయి. 1567 జూన్ 2న మాటామాటా పెరిగి మెక్‌డొనెల్‌లు షేన్‌ను నరికి చంపారు. అది మద్యం మత్తులో రేగిన కలహమా, లేక ఇంగ్లీషు అధికారులతో ముందే కుదిరిన ఒప్పందమా అన్నది చరిత్రకారుల మధ్య చర్చనీయాంశంగానే ఉంది. షేన్ తల డబ్లిన్ కోట గుమ్మానికి చేరింది. సోర్లీ బాయ్ స్వేచ్ఛ పొందాడు.

వెంటనే స్కాట్లాండుకు వెళ్ళి, అదే సంవత్సరం చివరలో కొన్ని వందల మంది కిరాయి యోధులతో తిరిగి వచ్చాడు. రెడ్‌షాంక్స్ అని పిలిచే ఈ దీవుల సైనికులు వేసవిలో వచ్చి, పోరాడి, చలికాలానికి ఇళ్ళకు చేరేవారు. వారి సాయంతో ఇతడు తాను పోగొట్టుకున్న ప్రాంతాన్ని క్రమంగా తిరిగి వశం చేసుకున్నాడు. డన్‌లూస్ మళ్ళీ ఇతనిదైంది.

రాత్లిన్ ఊచకోత

1573లో ఎలిజబెత్ రాణి, ఆంట్రిమ్‌లో అధిక భాగాన్ని ఎసెక్స్ మొదటి ఎర్ల్ వాల్టర్ డెవెరోకు రాసిచ్చింది. స్థానికులను, స్కాట్‌లను వెళ్ళగొట్టి అక్కడ ఇంగ్లీషు వారిని స్థిరపరచాలన్నది పథకం. 1574లో ఎసెక్స్, బెల్‌ఫాస్ట్‌లో ఒక విందు సందర్భంగా క్లాండబోయ్ నాయకుడు బ్రయన్ మెక్‌ఫెలిమ్ ఓనీల్‌ను పట్టుకుని, అతని అనుచరులను పెద్ద సంఖ్యలో చంపించాడు. బ్రయన్‌కు తరువాత డబ్లిన్‌లో మరణశిక్ష అమలయింది.

యుద్ధం సమీపిస్తున్నదని గ్రహించిన మెక్‌డొనెల్‌లు తమ స్త్రీలను, పిల్లలను, వృద్ధులను రాత్లిన్ దీవికి పంపారు. చుట్టూ ఉధృతమైన ప్రవాహాలు గల ఆ దీవి తమవారికి సురక్షితమని భావించారు. కాని ఎసెక్స్ సరిగా ఆ దీవినే ఎంచుకున్నాడు. 1575 జూలైలో జాన్ నారిస్ నాయకత్వంలో సుమారు 300 మంది సైనికులు కారిక్‌ఫెర్గస్ రేవు నుండి బయలుదేరారు. నౌకాదళంలో ఫ్రాన్సిస్ డ్రేక్ కూడా ఉన్నాడు. తరువాతి కాలంలో ప్రపంచాన్ని చుట్టివచ్చిన నావికునిగా ప్రసిద్ధి చెందినది ఇతడే.

దీవిలోని కోటను ఫిరంగులతో కొట్టగా, కొద్ది రోజుల ముట్టడి తరువాత జూలై 26న లోపలివారు లొంగిపోయారు. కోట అధికారి కుటుంబం వంటి కొందరిని మినహాయించి, బయటికి వచ్చిన సుమారు 200 మందిని చంపివేశారు. ఆ తరువాత సైనికులు దీవి అంతటా గాలించి, చరియలలోను, గుహలలోను దాగిన మరికొన్ని వందల మందిని హతమార్చారు. వీరిలో అధికులు ఆయుధం పట్టనివారు.

ఆ సమయంలో సోర్లీ బాయ్ ఎదుటి ఒడ్డున ఉన్నాడు. దీవికి, ఆ ఒడ్డుకు మధ్య దూరం సుమారు 10 కిలోమీటర్లు. అక్కడినుండి పొగ కనిపిస్తుంది గాని, సాయం పంపడానికి అతనికి తగిన ఓడలు లేవు. అతడు దుఃఖంతో మతి చలించినవాని వలె తీరం వెంట తిరిగాడని ఎసెక్స్ స్వయంగా ఇంగ్లండుకు వ్రాసిన లేఖలో విజయ చిహ్నంగా పేర్కొన్నాడు. శత్రువు గొప్పగా వ్రాసుకున్న ఆ నివేదికే ఈ ఘోరానికి ముఖ్యమైన చారిత్రక సాక్ష్యమైంది.

కొద్ది నెలలలోనే సోర్లీ బాయ్ కారిక్‌ఫెర్గస్ మీద దాడి చేసి ఇంగ్లీషు వారికి గట్టి నష్టం కలిగించాడు. రాత్లిన్‌లో ఉంచిన ఇంగ్లీషు దళాన్ని ఉపసంహరించవలసి వచ్చింది. ఎసెక్స్ పథకం విఫలమై, అతడు 1576లో డబ్లిన్‌లో మరణించాడు. భూమి మళ్ళీ మెక్‌డొనెల్‌ల వశమైంది. పోయిన ప్రాణాలు మాత్రం తిరిగి రాలేదు.

పెరోట్ ముట్టడి

1584లో ఐర్లాండులో రాణి ప్రతినిధిగా వచ్చిన సర్ జాన్ పెరోట్, స్కాట్‌లను అల్స్టర్ నుండి వెళ్ళగొట్టే ప్రయత్నాన్ని తిరిగి ప్రారంభించాడు. అదే సంవత్సరం సెప్టెంబరులో డన్‌లూస్‌ను ముట్టడించాడు. భారీ ఫిరంగులను సముద్రమార్గాన పోర్ట్‌రష్ దగ్గరకు చేర్చి, అక్కడినుండి నేల మీదుగా కోట ఎదుటికి ఈడ్పించాడు. బాణాలకు, బరిసెలకు అందని శిల మీద కట్టిన గోడలు ఫిరంగి గుండ్లకు తట్టుకోలేకపోయాయి. కోటలో ఉన్నది కొద్దిమంది మాత్రమే. వారు లొంగిపోగా, డన్‌లూస్ రెండవసారి మెక్‌డొనెల్‌ల చేయి జారింది. పీటర్ కేరీ అనే అధికారిని కిల్లేదారుగా నియమించి పెరోట్ వెనుదిరిగాడు.

పెరోట్ కోటను జయించిన తీరుకు, సోర్లీ బాయ్ మనుషులు దానిని తిరిగి పట్టుకున్న తీరుకు పోలిక లేదు. 1585 శరత్కాలంలో ఒక రాత్రి, కోట కావలివారిలో లోపాయికారీగా కలిసిన కొందరు పై నుండి తాళ్ళు జారవిడువగా, సుమారు 50 మంది చరియ ఎక్కి లోపలికి చేరారు. తీగలతో అల్లిన గంపలలో వారిని పైకి లాగినట్లు స్థానికులు చెప్పుకుంటారు. కోట వశమైంది. ఈ ఘటనలో కేరీ ప్రాణాలు కోల్పోయాడు.

1586 ఒప్పందం

పెరోట్ రెండు దండయాత్రలకు వెచ్చించిన ధనం, శ్రమ వృథా అయ్యాయి. స్పెయిన్‌తో యుద్ధం ముంచుకు వస్తున్న ఆ సమయంలో, ఆంట్రిమ్ మూలన మరో అంతులేని పోరాటం సాగించడం లండన్ ప్రభుత్వానికి ఇష్టం లేదు. ఇటు సోర్లీ బాయ్ కూడా అలసిపోయాడు. పుట్టిన సంవత్సరం 1505 అన్న అంచనా ప్రకారం అతని వయస్సు ఎనభై దాటింది. భార్య మేరీ 1582లో మరణించింది. పెద్ద కుమారుడు అలెగ్జాండర్ ఇంగ్లీషు దళాలతో జరిగిన పోరులో చనిపోయాడు. అతని తలను డబ్లిన్ కోట మీద ప్రదర్శనకు ఉంచారు.

1586 జూన్‌లో సోర్లీ బాయ్ డబ్లిన్ వెళ్ళాడు. యౌవనం దాటిన తరువాత ఒకసారి బందీగా గడిపిన నగరమది. కన్నకొడుకు తల వ్రేలాడిన నగరం కూడా అదే. అక్కడ ఎలిజబెత్ రాణి చిత్రపటం ముందు తన కత్తిని ఉంచి, సాగిలపడి విధేయత ప్రకటించాడు.

ఆ లొంగుబాటుకు ప్రతిఫలంగా ఇతనికి దక్కినవి తక్కువేమీ కాదు. బాన్, బుష్ నదుల మధ్యనున్న రూట్ ప్రాంతంలోని భూములు, తూర్పున మరికొన్ని భూములు ఇతనికి, ఇతని వారసులకు సంక్రమించాయి. డన్‌లూస్ కోట సంరక్షకునిగా ఇతనినే నియమించారు. గ్లెన్స్ ప్రాంతం మీద హక్కును అన్న జేమ్స్ కుమారుడు ఆంగస్‌కు గుర్తించారు. అంతవరకు చొరబాటుదారుగా పరిగణించిన వ్యక్తిని ప్రభుత్వం చట్టసమ్మతమైన భూస్వామిగా అంగీకరించింది. కత్తితో సాధించినది మరొక కత్తి పోగొట్టగలదని రెండుసార్లు అనుభవించిన సోర్లీ బాయ్‌కి, వారసులకు నిలిచే హక్కు చివరకు ఒక పత్రం ద్వారా లభించింది.

జిరోనా నౌక ప్రమాదం

1588లో ఇంగ్లండు మీద దండెత్తి విఫలమైన స్పెయిన్ నౌకాదళం ఉత్తరంగా, స్కాట్లాండు, ఐర్లాండులను చుట్టి స్వదేశానికి మరలింది. దారిలో తుఫానులకు అనేక ఓడలు ధ్వంసమయ్యాయి. వాటి నుండి బయటపడినవారిని కూడా ఎక్కించుకుని సుమారు 1,300 మందితో బయలుదేరిన జిరోనా అనే నౌక, అక్టోబరు చివరలో డన్‌లూస్‌కు తూర్పున కొద్ది దూరంలోని లకాడా కొన వద్ద రాళ్ళకు ఢీకొని బ్రద్దలైంది. ప్రాణాలతో మిగిలినవారు పదిమంది లోపే.

బ్రతికినవారికి మెక్‌డొనెల్‌లు ఆశ్రయమిచ్చి, స్కాట్లాండుకు చేరవేశారు. రాణికి విధేయత ప్రకటించి రెండేళ్ళే అయినందున ఇది ప్రమాదంతో కూడిన పని. ఆ కాలంలో ఐర్లాండు తీరానికి కొట్టుకువచ్చిన స్పెయిన్ వారిని పలుచోట్ల అధికారులు చంపించారు. నౌక నుండి వెలికితీసిన ఫిరంగులను డన్‌లూస్ కోటలో అమర్చారు. వాటిని అప్పగించాలన్న అధికారుల కోరికను మన్నించలేదు. 1967-69లో బెల్జియం దేశస్థుడైన రాబర్ట్ స్టెనుయి సముద్రగర్భంలో ఈ నౌక అవశేషాలను కనుగొని, బంగారు ఆభరణాలను, నాణేలను వెలికితీశాడు. అవి బెల్‌ఫాస్ట్‌లోని అల్స్టర్ మ్యూజియంకు చేరాయి.

మరణం

సోర్లీ బాయ్ 1590లో, తాను జన్మించినట్లు చెప్పే డనానైనీ కోటలోనే సహజ మరణం పొందాడు. యుద్ధాలలోను, చెరసాలలలోను సోదరులను, కుమారుని పోగొట్టుకున్న ఆ కుటుంబంలో వృద్ధాప్యంలో మంచం మీద కన్నుమూయడం అరుదైన విషయం. ఇతనిని బాలీకాజిల్ వద్ద బోనామార్గీ మఠంలో సమాధి చేశారు. 15వ శతాబ్దం చివరలో ఆ ఫ్రాన్సిస్కన్ మఠాన్ని నెలకొల్పినది మెక్‌క్విలన్‌లు. డన్‌లూస్ కోట వలెనే ఈ సమాధి స్థలం కూడా మెక్‌డొనెల్‌లకు వారి నుండే సంక్రమించింది.

వారసులు, కోట శిథిలమైన తీరు

సోర్లీ బాయ్ తరువాత కుమారుడు జేమ్స్ డన్‌లూస్‌ను ఏలాడు. 1601లో అతడు మరణించగా సోదరుడు రాండల్ నాయకుడయ్యాడు. 1603లో స్కాట్లాండు రాజు ఆరవ జేమ్స్ ఇంగ్లండు సింహాసనాన్ని కూడా అధిష్ఠించడంతో పరిస్థితి మారింది. స్కాట్ అన్న కారణంతో అనుమానానికి గురైన కుటుంబానికి అదే ఇప్పుడు అనుకూలమైంది. కొత్త రాజు రూట్, గ్లెన్స్ ప్రాంతాలు రెంటినీ రాండల్‌కు ప్రసాదించాడు. 1618లో డన్‌లూస్ వైకౌంట్‌గా, 1620లో ఆంట్రిమ్ ఎర్ల్‌గా రాండల్ బిరుదులు పొందాడు. సుమారు 1608లో కోట పక్కన ఒక పట్టణాన్ని కూడా నిర్మింపజేశాడు. పాత బురుజుల మధ్య ఇంగ్లీషు పద్ధతిలో విశాలమైన భవనం వెలసింది.

ఈ వైభవం ఎక్కువ కాలం నిలువలేదు. 1641 తిరుగుబాటు సందర్భంగా పట్టణం దగ్ధమైంది. 1642లో స్కాట్లాండు సేనాని రాబర్ట్ మన్రో రెండవ ఎర్ల్‌ను డన్‌లూస్‌లోనే నిర్బంధించాడు. ఆ తరువాత కోట కుటుంబానికి శాశ్వత నివాసం కాలేదు. 1690లో బాయిన్ యుద్ధం తరువాత కుటుంబ ఆర్థిక స్థితి క్షీణించగా కోట పూర్తిగా పాడుపడింది. ఇంటి కప్పులు కూలాయి, రాళ్ళు ఇతర కట్టడాలకు తరలిపోయాయి, శిల అంచు కొంత సముద్రంలో కలిసిపోయింది.

1639లో ఒక తుఫాను రాత్రి కోట వంటశాల వంటవారితో సహా సముద్రంలో పడిపోయిందని, మూలన కూర్చున్న ఒక పనివాడు మాత్రం బ్రతికాడని ఒక కథ ప్రచారంలో ఉంది. అయితే వంటశాల భాగం ఇప్పటికీ నిలిచే ఉంది. తరువాతి కాలపు చిత్రాలను బట్టి ఉత్తరపు గోడ కూలినది 18వ శతాబ్దంలోనో, ఆ తరువాతనో అని తెలుస్తుంది. కనుక ఈ కథకు చారిత్రక ఆధారం లేదు.

1928లో కోట ప్రభుత్వ సంరక్షణలోకి వచ్చింది. 21వ శతాబ్దపు తవ్వకాలలో 17వ శతాబ్దపు పట్టణపు రాళ్ళు పరిచిన వీధులు, ఇళ్ళ పునాదులు బయల్పడ్డాయి. మెక్‌డొనెల్ కుటుంబపు నివాసం ఆంట్రిమ్ తూర్పు తీరంలోని గ్లెనార్మ్ కోటకు మారింది.

చరిత్రలో స్థానం

సోర్లీ బాయ్ గురించిన సమకాలిక సమాచారంలో చాలా భాగం అతనిని వెళ్ళగొట్టడానికి ప్రయత్నించిన ఇంగ్లీషు అధికారుల లేఖల నుండి లభించినదే. ఆంట్రిమ్ ప్రాంతపు జానపద కథలలో ఇతడు చతురుడైన యోధుడు. మెక్‌క్విలన్‌ల దృష్టిలో ఇతడు వారి భూమిని ఆక్రమించినవాడు. ఇతని పోరాటంలో రాత్లిన్ దీవి వాసులు వంటి నిరాయుధులు అపారమైన మూల్యం చెల్లించారు. ఈ అంశాలన్నీ కలిపి చూసినప్పుడే ఇతని జీవితం సమగ్రంగా అర్థమవుతుంది.

అల్స్టర్‌లోని గొప్ప గేలిక్ ప్రభువులలో ఓనీల్, ఓడొనెల్ వంశాల నాయకులు 1607లో దేశం విడిచి ఐరోపా ఖండానికి వెళ్ళిపోయారు. వారి భూములను ప్రభుత్వం స్వాధీనపరచుకుని కొత్తవారికి పంచింది. మెక్‌డొనెల్‌లు మాత్రం తమ భూములలోనే నిలిచారు. అందుకు కొంత అదృష్టం, కొంత రాజు అనుగ్రహం తోడైనా, పునాది 1586లో డబ్లిన్‌లో సోర్లీ బాయ్ చేసుకున్న ఒప్పందమే. దుర్భేద్యమని పేరొందిన డన్‌లూస్ శిథిలమైంది. వృద్ధ నాయకుడు తల వంచి పొందిన హక్కు మాత్రం అతని సంతతికి తరతరాలు నిలిచింది.